ఎండకు ఎర్రబడే నాచు, దానితో చేసే క్రీమ్

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఉప్పు మడుల్లో నీరు ఎర్రబారడానికి కారణం కంటికి ఆనని చిన్న జీవులని 1838లో మిషెల్ ఫెలిక్స్ డ్యునాల్ గమనించారు. 1905లో ఆయన పేరు మీదే ఆ నాచును డ్యునాలియెల్లా అన్నారు. ఉన్నదంతా ఒకే కణం. ఈదడానికి రెండు తోకలున్నాయి, చుట్టూ గట్టి గోడ కూడా లేదు. అయినా చాలా జీవులు చచ్చిపోయేంత ఉప్పులో, మాడ్చేసే ఎండలో బతికేస్తుంది.

మామూలుగా ఇది ఆకుపచ్చగానే ఉంటుంది. ఎండ ముదిరి, ఉప్పు పెరిగి, నీటిలో నత్రజని తగ్గిందంటే కణం లోపల నూనె బొట్లు పుట్టి, వాటి నిండా బీటా కెరోటిన్ అనే నారింజ రంగు పదార్థం పేరుకుంటుంది. ఎండబెట్టిన నాచు బరువులో 10 శాతం దాకా అదే ఉండొచ్చు. నాచు పెంచేవాళ్లు కావాలనే దాన్ని ఇలా ఇబ్బంది పెడతారు.

ఎండతో దానికొచ్చే చిక్కు ఏమిటంటే, పత్రహరితం తాను వాడుకోగలిగినదానికన్నా ఎక్కువ వెలుగు తీసుకున్నప్పుడు ఆ మిగులు శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు చేరుతుంది. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ కొవ్వుల్ని, ప్రోటీన్లని దొరికినచోటల్లా పాడుచేస్తుంది. నూనె బొట్లలోని కెరోటిన్ అదనపు వెలుగును ముందే అడ్డుకుంటుంది. పత్రహరితాన్ని అంటిపెట్టుకుని ఉండే మరికొన్ని కెరోటినాయిడ్లు, అంటే కెరోటిన్ జాతి వర్ణకాలు, ఆ శక్తిని తాము లాక్కుని వేడిగా వదిలేస్తాయి. డయాటమ్‌లనే మరో రకం నాచుల్లో ఈ పని ఫ్యూకోజాంథిన్ అనే కెరోటినాయిడ్‌కు దగ్గరి చుట్టాలైన వర్ణకాలు చేస్తాయి. వెలుగు పెరిగిన కొన్ని నిమిషాల్లోనే అవి రూపం మార్చుకుని సిద్ధమవుతాయి.

మన చర్మంలోనూ అతినీలలోహిత కిరణాలు ఇలాంటి ఆక్సిజన్ రూపాల్నే పుట్టిస్తాయి. దాంతో చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లు పెరిగి, ముడతలు త్వరగా వస్తాయి. నాచును కాపాడేది మనల్నీ కాపాడుతుందన్న ఆశ అలా పుట్టింది. ఆశ సహజమే, కానీ మధ్యలో ఒక గోడ ఉంది.

ప్రయోగశాలలో యాంటీఆక్సిడెంట్ బలాన్ని, అంటే ఇలాంటి హానిని అడ్డుకునే శక్తిని, చూడటానికి తరచుగా డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం వాడతారు. నాచు సారం కలిపితే రంగు వెలిసి పసుపు పచ్చగా మారుతుంది. ఎంత వెలిస్తే అంత బలమన్నమాట. చూడముచ్చటైన పరీక్షే, కానీ ఆ డీపీపీహెచ్ మన ఒంట్లో ఎక్కడా ఉండదు. చాలా ప్రకటనల్లో కనిపించే శాతాలు ఇలాంటి గాజు గొట్టాల నుంచి వచ్చినవే. వాటిని చర్మానికి నేరుగా అన్వయించడం నాకు నచ్చదు.

ఇందాక చెప్పిన గోడ చర్మం పైపొరే. దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లే అయినా, అణుభారం 500 డాల్టన్లు దాటినవాటిని సులభంగా లోపలికి రానివ్వదు. విటమిన్ ఇ 431. బీటా కెరోటిన్ 537, ఫ్యూకోజాంథిన్ 659. నాచులో ఈ కెరోటినాయిడ్లు సరిగ్గా కావలసిన చోటే తయారవుతాయి. క్రీమ్‌లో అయితే బయటి నుంచి అక్కడికి చేరాలి. అందుకే వాటిని సూక్ష్మమైన కొవ్వు గోళాల్లో పెట్టి పంపే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

లోపలికి వెళ్లనక్కర్లేని పదార్థాల మీదే నాకు ఎక్కువ నమ్మకం. పోర్ఫిరిడియం అనే ఎర్ర నాచు విడుదల చేసే జిగురు చక్కెరలు చర్మం మీదే ఉండి తేమను పట్టి ఉంచుతాయి. ఇంకా ఆసక్తికరమైనవి మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలు. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవుల వంటివి చేసుకునే ఈ చిన్న అణువులు 310 నుంచి 360 నానోమీటర్ల మధ్య కిరణాల్ని పీల్చి వేడిగా మార్చేస్తాయి. అంటే అపాయకరమైన ఆక్సిజన్ పుట్టకముందే పని అయిపోతుంది. సన్‌స్క్రీన్ చేసే పని ఇదే, దానికి చర్మం పైన ఉంటే చాలు. కాకపోతే నాచు వీటిని చాలా కొద్దిగానే ఇస్తుంది.

కొనేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. బాగా పేరున్న అస్టాజాంథిన్ అనే ఎర్రటి కెరోటినాయిడ్‌ను ఎక్కువగా ఇచ్చే హెమటోకాకస్ మంచినీటి నాచు, డబ్బా మీద కెరటం బొమ్మ ఉన్నా సరే. సీసా కూడా ముఖ్యమే. కెరోటినాయిడ్లు వెలుగుకీ గాలికీ ఇట్టే పాడవుతాయి కాబట్టి, వెడల్పు మూతి గాజు సీసా కన్నా వెలుగు చొరబడని పంపు సీసా మేలు. వాటివల్లే నారింజ రంగులో ఉన్న సీరమ్ రోజురోజుకీ తెల్లబడుతోందంటే, అందులోని కెరోటిన్ చర్మానికి అందకముందే ఖర్చయిపోతోందన్నమాట.