పోకర్ అపోహలు - వాస్తవాలు: "నాలుగు ఇస్పేట్లు వచ్చాయి, ఎలా వదలను?"

శనివారం రాత్రి బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్లలో మనవాళ్ళు పేక తీశారంటే ఈ మాట వినపడి తీరుతుంది: "ఫ్లష్ డ్రా 35 శాతం రా, కాల్ చేసెయ్." చిప్స్ ఎక్కువగా కరిగేది ఇక్కడే. (ఒకే గుర్తు ముక్కలు ఐదు కుదిరితే ఫ్లష్; నాలుగు వచ్చి ఐదోదాని కోసం చూస్తుంటే ఫ్లష్ డ్రా. ఎదుటివాడు వేసినంత మనమూ వేస్తే కాల్.) (2025లో కేంద్ర చట్టం వచ్చాక ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం ఎలాగూ నిషిద్ధం. కింది లెక్కలన్నీ ఉత్తి చిప్స్‌వే.)

35 అబద్ధం కాదు. కాకపోతే అది టర్న్, రివర్ (బల్ల మీద తెరిచే నాలుగో, ఐదో ముక్కలు) రెండూ చూసినప్పటి లెక్క. చేతిలో ఇస్పేటు 8, 5; ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) ఇంకో రెండు ఇస్పేట్లు. కనపడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. టర్న్‌లోనే పడే అవకాశం 19 శాతం. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 400 ఉంది, ఎదుటివాడు 200 వేశాడు. మీ 200 కలిస్తే 800. కాల్ గిట్టుబాటు కావాలంటే 25 శాతం ఉండాలి, మీకున్నది 19. టర్న్‌లో తప్పితే వాడు మళ్ళీ బెట్ వేస్తాడు, రివర్ ఊరికే చూడనివ్వడు. అక్కడ ఫోల్డ్ చేసేవాళ్ళకి (ముక్కలు వదిలేసేవాళ్ళకి) ఈ కాల్ మీద సగటున 47 చిప్స్ నష్టం.

అదే వాడు ఆ 200తో ఆల్ ఇన్ అయ్యాడనుకోండి. ఇక వేయడానికి వాడి దగ్గరేమీ లేదు, రెండు ముక్కలూ చూస్తారు. సగటున 80 లాభం! చేతిలో అవే ముక్కలు, పాట్ కూడా అదే.

"ఫ్లష్ పడ్డాక ఇంకా లాగుతాలే" అంటారా? టర్న్‌లో పడిన ప్రతిసారీ సగటున ఇంకో 245 లాగితేనే సమం అవుతుంది. బల్ల మీద మూడు ఇస్పేట్లు చూసి కూడా అంత ఇచ్చే మనిషేనా అతను? ఇచ్చాడంటే, మీ 8 కన్నా పెద్ద ఇస్పేట్లు వాడి దగ్గరే ఉన్నాయేమో కూడా చూసుకోండి.

ఆటలో భాగహారాలు అక్కర్లేదు. ఒక్క ముక్కే చూస్తే అవుట్స్‌ని (మీకు పనికొచ్చే మిగిలిన ముక్కల సంఖ్యని, పైన 9) 2తో, రెండూ చూస్తే 4తో గుణించండి. అవుట్స్ మరీ ఎక్కువైతే కాస్త తగ్గించుకోవాలి: 15 ఉంటే లెక్కకి 60 వస్తుంది, అసలు 54.

"ఐదుసార్లు తప్పింది, ఈసారి పడి తీరాలి." ఎందుకు పడాలి? కలిపాక మళ్ళీ అవే 52 ముక్కలు. రివర్ దాకా చూసినా వరుసగా ఐదుసార్లు తప్పే అవకాశం దాదాపు 12 శాతం, కాబట్టి జాతకాన్ని తిట్టుకోకండి.

ఒకే గుర్తు ముక్కలు రెండు వచ్చాయని ప్రతి చేతికీ దిగడం: ఫ్లాప్‌లోనే ఫ్లష్ పడేది సుమారు 119కి ఒకసారి.

ఆసుల జోడీతో ఓడి దిగులుపడేవాళ్ళకి: ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్కడి మీద రివర్ దాకా వెళ్తే అది 85 శాతం గెలుస్తుంది. నలుగురిని లోపలికి రానిస్తే సుమారు 56. ఫ్లాప్‌కి ముందే రెయిజ్ చేయమనేది (పందెం పెంచమనేది) అందుకే.