తోడిన వేడిని ఎక్కడ పోస్తున్నాం?

మే నెలలో విజయవాడలో మా బావమరిది ఇంటికి వెళ్లాను. అద్దె ఇల్లు, మేడ మీది పోర్షన్. సాయంత్రం ఆరింటికి కూడా స్లాబు సెగలు కక్కుతూనే ఉంటుంది. గోడకు కన్నం పెట్టడానికి ఓనరు ఒప్పుకోలేదట, అందుకని స్ప్లిట్ ఏసీ ఆలోచన మానుకుని చక్రాల మీద దొర్లే పోర్టబుల్ ఏసీ కొన్నాడు. 1 టన్నుది. దాని వెనకాల మడతలు మడతలుగా సాగే లావుపాటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది కదా, దాన్ని మంచం కిందికి తోసేశాడు. కిటికీకి ఇనప గ్రిల్లు ఉంది, గొట్టం అందులోంచి దూరదు. పైగా కిటికీ తీస్తే వడగాలి.

"ముందు నుంచి చల్లగానే వస్తోంది బావా, గదే చల్లబడట్లేదు. గ్యాస్ తగ్గిందేమో" అన్నాడు.

మెషీన్ ముందు చెయ్యి పెట్టి చూశాను. నిజమే, చల్లగా ఉంది. వంగి మంచం కింద గొట్టం మూతి దగ్గర పెడితే హెయిర్ డ్రయ్యర్ ముందు పెట్టినట్టుంది. పరుపు కింద చెక్క కూడా వేడెక్కి ఉంది. గ్యాసుకు ఏమీ కాలేదు. మెషీన్ తన పని తాను శుభ్రంగా చేస్తోంది, కాకపోతే ఆ పని ఏమిటో మనకు ఎవరూ సరిగా చెప్పలేదు.

ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. చల్లదనమనే వస్తువే లేదు. ఉన్నది వేడి ఒక్కటే, అది ఎక్కువో తక్కువో ఉంటుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు వేడి కూడా తనంతట తాను ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. దాన్ని ఎదురు నడిపించాలంటే, అంటే 27 డిగ్రీల గదిలోంచి 42 డిగ్రీల వీధిలోకి పంపాలంటే, బావిలోంచి నీళ్లు తోడినట్టు తోడాలి. ఆ తోడే పని కంప్రెసర్‌ది. లోపలి కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కి వేడెక్కిస్తుంది. రెండో కాయిల్‌లో అది మళ్లీ ద్రవంగా మారుతూ, మోసుకొచ్చిన వేడినంతా వదిలేస్తుంది. విండో ఏసీకి ఈ రెండో కాయిల్ కిటికీ అవతల ఉంటుంది, స్ప్లిట్‌కు బయట యూనిట్‌లో ఉంటుంది. పోర్టబుల్‌లో మాత్రం అంతా ఒకే పెట్టెలో, మన గదిలోనే ఉంటుంది. వీధికీ దానికీ ఉన్న సంబంధం ఆ గొట్టం ఒక్కటే. గొట్టం మంచం కింద ఉంటే, బావిలోంచి తోడిన నీళ్లను తిరిగి బావిలోనే పోస్తున్నట్టు.

అలా పోస్తే లెక్క సరికి సరి అవుతుందని, చల్లబడకపోయినా నష్టం లేదని అనుకోవచ్చు. అలా కాదు. 1 టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని గదిలోంచి తియ్యగల శక్తి. (ఈ టన్ను ఐసు గడ్డల కాలం నాటి కొలత. అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత.) ఈ పనికి మెషీన్ సుమారు 1.2 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది. అంటే ముందు నుంచి 3.5 తీసుకుని వెనక నుంచి 4.7 వదులుతోంది. రెండూ ఒకే గదిలో అయితే మిగిలేది 1.2 కిలోవాట్ల హీటరు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి బరువు 40 కిలోల దాకా ఉంటుంది. ఒక్క ఆ గాలినే లెక్కలోకి తీసుకుంటే నిమిషానికి దాదాపు 2 డిగ్రీలు పెరగాలి. గోడలు, స్లాబు, సామాను ఆ వేడిని తాగేస్తాయి కనుక అంత వేగం కనబడదు. తాగిన గోడలు రాత్రంతా దాన్ని తిరిగి ఇస్తూనే ఉంటాయి. మెషీన్ ఎదురుగా కూర్చున్న మనిషికి చల్లగా ఉంటుంది గనక ఈ మోసం తొందరగా తెలియదు.

తేమది ఇంకో కథ. విజయవాడ లాంటి ఊళ్లో సగం బాధ ఉక్కపోతదే. చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా పడుతుంది. చాలా పోర్టబుల్ ఏసీలు ఆ నీటిని వేడి కాయిల్ మీద చిలకరించి ఆవిరి చేసి గొట్టంలోంచి పంపించేస్తాయి, బకెట్ పెట్టే బాధ లేకుండా. మంచి ఏర్పాటే. గొట్టం గదిలోనే ఉంటే మాత్రం తీసిన తేమ కూడా తిరిగి గదిలోకే వస్తుంది.

"పోనీ, గొట్టం మూతి బకెట్ నీళ్లలో పెడితే?" అని అడిగాడు మా వాడు. చాలామందికి తట్టే ఆలోచనే. 20 లీటర్ల బకెట్‌లోకి 4.7 కిలోవాట్లు పోస్తే 30 డిగ్రీల నీళ్లు పది నిమిషాలు తిరక్కుండానే 60కి చేరతాయి. ఆ తరవాత నీళ్లు ఆవిరి కావాల్సిందే. ఆ వేడంతా ఆవిరిలో పోవాలంటే గంటకు 7 లీటర్లు ఆవిరవ్వాలి. ఆ ఆవిరి ఉండేదీ గదిలోనే. ఏసీ దాన్ని మళ్లీ పట్టి నీరు చేస్తుంది, చేసేటప్పుడు దాచుకున్న వేడినంతా తిరిగి మోస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లోకి వదలడం ఇంకా చెడ్డది. తడి వేడి గాలి అక్కడ నిలిచి బూజు పట్టిస్తుంది.

హాల్లోకి వదిలితే? ఇదే అసలు కిటుకున్న ప్రశ్న. దీనికి సమాధానం చెప్పడానికి ఒక అగరుబత్తి చాలు. గొట్టాన్ని గది బయట పెట్టి, తలుపు వేసి, మెషీన్ నడుస్తుండగా తలుపు కింది సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకున్నాను. పొగ నిటారుగా లేవకుండా నేలబారుగా వంగి, గది లోపలికి పరిగెత్తింది. ఒక్క గొట్టం ఉన్న మెషీన్ వేడి కాయిల్‌ను చల్లార్చడానికి గదిలోని గాలినే తీసుకుంటుంది, దాన్నే బయటికి నెడుతుంది. పోయిన గాలి స్థానంలో అంత గాలీ సందుల్లోంచి లోపలికి రాక తప్పదు. హాల్లో వదిలిన వేడి గాలే తలుపు కింద నుంచి తిరిగొస్తోందన్న మాట.

గొట్టం వీధిలోకి పెట్టినా ఈ లోపం పూర్తిగా పోదు. గంటకు 400 ఘనమీటర్ల గాలి బయటికి పోతోందనుకుందాం. 34 ఘనమీటర్ల మన గదిలో గాలి గంటకు దాదాపు 12 సార్లు మారిపోతుంది. వచ్చేది 42 డిగ్రీల గాలి, గది 27 డిగ్రీలు అయితే, ఆ గాలి ఒక్కటే 1.9 కిలోవాట్ల వేడిని లోపలికి తెస్తుంది. తీసిన 3.5లో సగానికి పైగా! అందుకే అమెరికాలో ఈ మెషీన్ల పెట్టెల మీద రెండు అంకెలు వేస్తారు. రెండోది ఈ నష్టాలను లెక్కలోకి తీసుకున్న సామర్థ్యం, అది మొదటిదాని కంటే బాగా తక్కువ ఉంటుంది. రెండు గొట్టాల రకంలో వేడి కాయిల్‌కు కావాల్సిన గాలి బయటి నుంచే వస్తుంది, కాబట్టి ఈ బెడద చాలా తగ్గుతుంది. కొనే ముందు షాపులో అడగాల్సిన మొదటి మాట అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. ఏసీ గొట్టంలోంచి వచ్చేది వేడి గాలే, విషం కాదు. కానీ ఒక్క గొట్టం మెషీన్ ఇంట్లోంచి గాలిని లాగేస్తుంటే, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్లలో దాని పొగ బయటికి పోకుండా వెనక్కి మళ్లే వీలుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు. రెండూ ఒకేసారి నడపొద్దు.

ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించాం. కిటికీ పైన పాతకాలం వెంటిలేటర్ ఉంది, దానికి గ్రిల్లు లేదు. అద్దం తీసి, ఆ కొలతకు ప్లైవుడ్ ముక్క కోయించి, మధ్యలో గొట్టం పట్టేంత గుండ్రటి కన్నం పెట్టించి బిగించాం. అంచుల చుట్టూ ఫోమ్ టేపు. ఓనరు గోడ జోలికి వెళ్లలేదు, ఇల్లు మారేటప్పుడు అద్దం తిరిగి పెట్టేయవచ్చు. మెషీన్‌ను ఎత్తయిన స్టూలు మీదికి ఎక్కించాం, గొట్టం పొట్టిగా, వంపుల్లేకుండా ఉండాలని. పొడుగు చాలదని ఇంకో గొట్టం అతికిస్తే లోపలి చిన్న ఫ్యాను అంత దూరం నెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం, ముందు రోజు 36 చూపించిన గోడ థర్మామీటరు అదే వేళకు 30 చూపించింది. ఇంకా కొంచెం దిగాలని మా వాడికి ఉంది. గదిలో ఉన్న రెండడుగుల గొట్టాన్ని పట్టుకుని చూడమన్నాను. వేడివేడిగా ఉంది. అల్మారాలోంచి పాత దుప్పటి తెచ్చి దాని చుట్టూ కట్టడం మొదలుపెట్టాడు.