ఉడికిన రాయి, ఉడకని రాయి

జమ్మలమడుగులో ఇరవై గదుల హోటల్ కట్టదలచిన ఒక పాఠకుడు, దానిని కర్బన తటస్థంగా, అంటే వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు సరిపడా మరోచోట తగ్గించి, నడపాలంటే మిద్దె మీద ఎన్ని సోలార్ పలకలు పెట్టాలని అడిగారు. గండికోట చూసినవారు ఊళ్లో ఆగకుండా వెళ్లిపోతున్నారని, ఒక్క రాత్రి నిలిస్తే అంగళ్లకూ ఆటోలకూ నాలుగు డబ్బులు వస్తాయని ఆయన ఆలోచన. (మన సీమలో హోటల్ అంటే ఇడ్లీ, లాడ్జి అంటే పడక, ఆయన ఉద్దేశంలో రెండూ ఉన్నాయి.) ప్రశ్న మంచిదే కానీ, మొదట చూడవలసినది పలకలను కాదు, సిమెంటు మూటను.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు వెళ్లే రాయి, మన ఇళ్లలో పరిచే నాపబండ, రెండూ సున్నపురాయే. శుద్ధమైన సున్నపురాయిని కాల్చితే దాని బరువులో నూటికి 44 పాళ్లు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి; బట్టీలో మండే బొగ్గు పొగ దీనికి అదనం. బట్టీలోంచి వచ్చే, నూరితే సిమెంటయ్యే గడ్డలను క్లింకర్ అంటారు; అందులో కాల్షియం ఆక్సైడ్ (కాలిన సున్నం) సుమారు 65 శాతం ఉంటుంది కనుక, టన్ను క్లింకర్‌కు ఒక్క రాతి నుంచే దాదాపు 510 కిలోల వాయువు వెలువడుతుంది. ఆ లెక్కన 50 కిలోల సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు మూట వెనుక సుమారు 24 కిలోలున్నాయి.

ఇప్పుడు ఆ అప్పును పలకలతో తీర్చి చూద్దాం. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఒక కిలోవాట్ పలక మన ఎండలో రోజుకు దాదాపు 4 యూనిట్లిస్తుంది. కాబట్టి ఒక మూట రుణం తీరడానికి ఆ పలక ఎనిమిదిన్నర రోజులు పనిచేయాలి. పన్నెండు వేల చదరపు అడుగుల కాంక్రీటు కట్టడానికి మోటు లెక్కన 5,000 మూటలు పడతాయి. 20 కిలోవాట్ల పలకలు పెట్టినా దాదాపు ఆరేళ్లు సిమెంటు బాకీకే సరిపోతాయి, అదీ ఆ కరెంటులో ఒక్క యూనిట్‌నూ హోటల్ వాడుక పద్దులో రాయకుండా ఉంటేనే.

ఉడకని రాయికి, అంటే కాల్చకుండా కోసి వాడే నాపబండకు, ఈ బాకీ లేదు. గనిలో కోత, పాలిష్, రవాణా ఖర్చులే ఉంటాయి. ఆ కూలి ఊరి బేల్దారులకే చేరుతుంది. పైగా రాతి గోడ ఎండను ఆలస్యం చేస్తుంది. పగలు పెరిగి రాత్రి తగ్గే వేడి అల సున్నపురాయిలో లోపలికి పోయేకొద్దీ బలహీనపడుతుంది; ప్రతి 17 సెంటీమీటర్లకు దాని ఊపులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే మిగులుతుంది. అందుచేత 45 సెంటీమీటర్ల గోడలో మధ్యాహ్నపు వేడి దాదాపు పది గంటల తరువాత, పదిహేనో వంతు ఊపుతో లోపలికి చేరుతుంది. వంటగది ఆగ్నేయంలో ఉందా లేదా అని వాస్తు పండితుని పదిసార్లు పిలిచేవారు, సాయంత్రపు ఎండను మోసే పడమటి గోడ మందం గురించి ఒక్కసారైనా అడగరు.

రాళ్ల మధ్య అతికించడానికి గానుగలో నూరి వాడే గానుగ సున్నం సంగతి ఇంకా ఆసక్తికరం. అది కూడా బట్టీలో వాయువును వదిలినదే, కానీ గోడలో ఏళ్ల తరబడి దానిని తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. కాల్చిన కట్టెల పొగ మాత్రం తిరిగి రాదు.

మిగిలినది అతిథుల ప్రయాణం. బెంగళూరు నుంచి కారులో వచ్చి వెళితే సుమారు 37 లీటర్ల పెట్రోలు, అంటే 85 కిలోల కార్బన్ డయాక్సైడ్, మూడున్నర మూటల సమానం. హోటల్ పద్దులో ఇది సాధారణంగా కనిపించదు. జమ్మలమడుగులోనూ ఎర్రగుంట్లలోనూ రైల్వే స్టేషన్లున్నాయి. అక్కడికి ఒక బ్యాటరీ ఆటో పంపితే ఆ పద్దు కొంతైనా తగ్గుతుంది.