బావి అడుగున టూల్స్ ఎందుకు పోతాయి? కొన్ని అపోహలు - వాస్తవాలు

చమురు బావి తవ్వేటప్పుడు నాలుగు వేల మీటర్ల లోతున ఎండబ్ల్యూడీ టూల్ (తవ్వుతుండగానే కింది కొలతల్ని పైకి పంపే పరికరం) మూగబోయినప్పుడు పైన తెలిసేది ఒక్కటే. మడ్‌ని (తవ్వకంలో పైపు గుండా తిప్పే బురద ద్రవాన్ని) పైపులోకి పంపే స్టాండ్‌పైప్ ప్రెషర్‌లో, ఆ కొలతల్ని మోసుకురావాల్సిన పల్సులు రావు. ఇక పైపంతా లాగాలి, టూల్ మార్చాలి, మళ్లీ దించాలి. పైపు లాగే ఆ గంటల్లో రిగ్గు మెస్సులో టీ తాగుతూ నేను విన్నవే ఈ మాటలు.

అపోహ: ఎంటీబీఎఫ్ (ఫెయిల్యూర్ల మధ్య సగటు కాలం) 500 గంటలంటే అప్పటిదాకా దిగుల్లేదు.

వాస్తవం: అది నడిచిన మొత్తం గంటల్ని ఫెయిల్యూర్లతో భాగిస్తే వచ్చిన సగటు, గ్యారంటీ కాదు. ఎప్పుడు పోతుందో చెప్పలేని రకం ఫెయిల్యూర్లయితే, నూటికి సుమారు 37 టూల్సే 500 గంటలు దాటతాయి. పైగా మనం దించేది ఒక్క టూల్‌ని కాదు, వరసగా బిగించిన టూల్స్ గొలుసుని. ఒక్కోటీ 95 శాతం నమ్మకమైనవి ఐదు కలిపి బిగిస్తే, అన్నీ క్షేమంగా తిరిగొచ్చే అవకాశం 77 శాతమే. "ఉంటే మంచిదేగా" అంటూ ఆరోది కలిపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: 150 డిగ్రీల రేటింగ్ ఉంటే 149 దాకా భయం లేదు.

వాస్తవం: కృష్ణా-గోదావరి బేసిన్ లోతు బావుల్లో పనిచేసినవాళ్లెవరూ ఈ మాట అనరు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రానిక్స్ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని మా మోటు లెక్క. మడ్ తిరుగుతున్నంతసేపు టూల్ చుట్టూ ఉన్న రాయి కంటే చల్లగానే ఉంటుంది. పంపు ఆపితేనే ఉడుకుతుంది. అందుకే వేడి బావిలో దింపేటప్పుడు మధ్యమధ్య ఆగి మడ్ తిప్పాలి. బ్యాటరీ సంగతి వేరు. అందులోని లిథియం 180.5 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అక్కడ బేరాల్లేవు.

అపోహ: రిగ్‌ఫ్లోర్ నిమ్మళంగా ఉంటే కిందా నిమ్మళమే.

వాస్తవం: నా లెక్కలో టూల్స్‌ని ఎక్కువగా చంపేది ఈ నమ్మకమే. పైపు అడ్డంగా గోడలకి కొట్టుకునే అదురు చాలావరకు దారిలోనే అణిగిపోతుంది, పైకి చేరదు. స్టిక్-స్లిప్ మాత్రం టార్క్ ముల్లు ఊగిసలాటలో కనిపిస్తుంది. కింద బిట్ (రాయిని తొలిచే కొన) క్షణం పాటు ఆగిపోతుంది, పైన పైపు మెలితిరుగుతూనే ఉంటుంది, ఆ మెలిక విడగానే బిట్ రెండు మూడింతల వేగంతో గిర్రున తిరుగుతుంది. దీనికి మందు బిట్ మీద బరువు తగ్గించి ఆర్‌పీఎం (తిరిగే వేగం) పెంచడం. బిట్ బావిలో గింగిరాలు కొట్టే వర్ల్‌కి సరిగ్గా తిరగేసి చెయ్యాలి: ఆర్‌పీఎం తగ్గించి బరువు పెంచాలి. ఏదో తేల్చుకోకుండా నాబ్ తిప్పితే జబ్బు ముదురుతుంది. డ్రిల్లర్ అన్నకి ఈ మాట చెప్పడానికి కుర్ర ఇంజనీర్లు మొహమాటపడతారు, నేనూ పడ్డాను.

అపోహ: మడ్ మోటారు (మడ్ ఒత్తిడితో బిట్‌ని తిప్పేది) లోపల ఎంత బిగుతుగా ఉంటే అంత బలం.

వాస్తవం: మోటారులో తిరిగే రోటర్ చుట్టూ ఉండే స్టేటర్ రబ్బరు వేడికి ఉబ్బుతుంది, డీజిల్ కలిసిన మడ్‌లో ఇంకా ఉబ్బుతుంది. పైన బిగుతుగా ఉన్నది కింద పట్టేసి ముక్కలుగా ఊడొస్తుంది. అడుగు వేడి చూసుకుని ఫిట్ ఎంచుకోవాలి.

అపోహ: వర్క్‌షాపులో టెస్టు పాసయితే టూల్‌లో లోపం లేనట్టే.

వాస్తవం: ఏసీ గదిలో, బల్ల మీద కదలకుండా పెట్టి చేసిన టెస్టు అది. వేడికి తెరుచుకునే సోల్డర్ పగులు చల్లారితే మూసుకుంటుంది. నేను పనిచేసిన ఒకచోట మూడు వేర్వేరు టూల్స్ వరసగా పోయాయి. మూడింటికీ "లోపం కనపడలేదు" అనే రిపోర్టే వచ్చింది. తీరా తవ్వితే, మూడింటిలోనూ తిరిగింది ఒకటే ఎలక్ట్రానిక్ కార్డు. రిపేరప్పుడల్లా దాన్ని ఒక టూల్లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టారు. రిజిస్టర్‌లో మాత్రం కాలర్ (టూల్ బయటి ఉక్కు గొట్టం) నంబరే రాశారు, కార్డు నంబరు రాసే గడే లేదు. వేడి చేస్తూ అదిరిస్తే 140 డిగ్రీల దగ్గర దాని కనెక్టర్ పిన్ను ఒకటి వదులైంది. మర్నాడు రిజిస్టర్‌లో స్కేలు పెట్టి ఇంకో గడి గీశాం.