పత్తి మన చేనులో, అద్దకం ఎక్కడో: అపోహలు - వాస్తవాలు

వరంగల్ దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో నూలు నాణ్యత చూసే పని నాది. తయారీని బయటి దేశాలకు తరలించడం గురించి తరచూ వినిపించే మూడు మాటలకు, నా అనుభవంలో తెలిసినంత మేరకు జవాబు రాస్తున్నాను.

అపోహ: కూలి ఎక్కడ తక్కువో అక్కడ తయారైన సరుకే చవక.

వాస్తవం: కుట్టుపనికి ఈ మాట కొంతవరకు వర్తిస్తుంది. నూలు ఖర్చులో మాత్రం సగానికి పైగా దూదిదే. పైగా తప్పు ఆలస్యంగా బయటపడితే కలిగే నష్టం ఏ కొటేషన్‌లోనూ కనబడదు. రైతు పత్తిని యూరియా సంచిలో నింపినప్పుడు సంచి పోగు ఒకటి అందులో కలిస్తే, అది జిన్నింగ్‌లో (పత్తి నుంచి గింజలు వేరుచేసేటప్పుడు) తునకలై దూదంతటా చెదిరిపోతుంది. తెల్లటి ప్లాస్టిక్ కాబట్టి నూలులోనూ, నేసిన బట్టలోనూ కంటికి ఆనదు. పత్తికి పట్టే రంగు దానికి పట్టదు గనుక అద్దకమయ్యాకే ముదురు బట్టపై తెల్లని గీతలా తేలుతుంది. పసిగట్టే యంత్రాలున్నా అలాంటి పోగులన్నీ వాటికి చిక్కవు. ఒకసారి మా నూలు విదేశంలో అద్దకానికి వెళ్లింది. ఫిర్యాదు మాకు చేరేసరికి 2 నెలలు గడిచాయి, ఆ లాట్ బేళ్లన్నీ అప్పటికే నూలైపోయాయి. ఆ పత్తి వచ్చిన ఊరేమో మా మిల్లుకు 30 కిలోమీటర్లే! అద్దకం ఈ జిల్లాలోనే జరిగి ఉంటే, వారం తిరగకముందే ఆ ఊరికి వెళ్లి, గుడ్డ సంచుల్లోనే పత్తి ఏరమని రైతులకు చెప్పి వచ్చేవాళ్లం.

అపోహ: పత్తి పండే చోట వస్త్ర పరిశ్రమ ఉన్నట్లే.

వాస్తవం: వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి జిన్నింగ్ అయి బేళ్లు కట్టేదాకా ఇక్కడే ఉంటుంది. క్వింటా పత్తికి సుమారు 33 కిలోల దూది దిగుతుంది, అందులో చాలా భాగం ఇతర రాష్ట్రాల మిల్లులకు పోతుంది. సిరిసిల్లలో వేల మరమగ్గాలున్నా, ఎక్కువగా నేసేది బయటి నుంచి వచ్చే పాలిస్టర్ నూలునే. అందువల్ల గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఎన్ని కుట్టు యూనిట్లు వచ్చాయన్నదాని కన్నా, నీళ్లు, మురుగునీటి శుద్ధి కావలసిన అద్దకం అక్కడ స్థిరపడుతుందా అన్నదే నాకు పెద్ద ప్రశ్న.

అపోహ: పత్తి నుంచి బట్ట దాకా అన్ని దశలూ ఒకే కప్పు కింద ఉంటేనే ఆ గొలుసు నిలుస్తుంది.

వాస్తవం: వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లులోకి దూదిగా వెళ్లినది బట్టగా బయటికి వచ్చేది, అయినా 2002లో అది మూతపడింది. తమిళనాడులోని తిరుప్పూరులో అల్లిక (టీషర్టుల్లాంటి వాటి బట్ట) ఒకరిది, అద్దకం ఒకరిది, ప్రింటింగ్ ఇంకొకరిది; అయినా అందరూ ఒకే ఊళ్లో ఉండటంతో, రంగులో తేడా వస్తే అద్దకందారు ఆ రోజే వచ్చి బట్ట చూసుకుంటాడు. పత్తి పెద్దగా పండని బంగ్లాదేశ్ కూడా దూదిని దిగుమతి చేసుకుని, అల్లిక బట్టలకు కావలసిన నూలులో ఎక్కువ భాగం తన మిల్లుల్లోనే వడుక్కుంటోంది.