చుక్కానిని దాని బరువే పట్టి ఉంచుతుందా? అపోహలు - వాస్తవాలు

వానాకాలం గాలులు మొదలయ్యాక హుస్సేన్ సాగర్ ఒడ్డున ప్రతి ఏడూ నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. పిల్లల ఆప్టిమిస్ట్ తెరచాప పడవకు చుక్కాని తగిలించి, అది పైకి లేవకుండా పట్టే స్ప్రింగు రేకు పడిందో లేదో కింది నుంచి ఎత్తి చూస్తుంటాను. పక్కన నిలబడ్డ తండ్రి అడుగుతాడు: "అంత బరువుంది కదండీ, దానంతట అది ఎక్కడికి పోతుంది?"

అపోహ: చుక్కాని తన బరువుతోనే గడ్జన్లలో (పడవ వెనక ఉండే కడియాల్లో) కూర్చుంటుంది, వేరే కట్టు అక్కర్లేదు.

వాస్తవం: పడవ నిటారుగా ఉన్నంతసేపే ఆ మాట చెల్లుతుంది. చెక్క చుక్కాని అయితే అప్పుడు కూడా పూర్తిగా చెల్లదు, ఎందుకంటే నీళ్లు దాని పలకను (నీటిలో మునిగే భాగాన్ని) పైకి నెడుతూనే ఉంటాయి. ఇక పడవ పూర్తిగా బోర్లా పడితే పింటిళ్ల (గడ్జన్లలో దూరే చుక్కాని కడ్డీల) మొనలు ఆకాశం వైపు తిరుగుతాయి. పలక నీటి ఆసరా లేకుండా గాలిలో నిలుస్తుంది. అంతవరకు చుక్కానిని పట్టి ఉంచిన బరువే దాన్ని ఊడదీస్తుంది. తిరగబడటం చిన్న పడవలకు అరుదైన ప్రమాదమేమీ కాదు. మా దగ్గర మొదటి పాఠాల్లోనే పిల్లలతో కావాలని పడవను పడగొట్టించి, మళ్లీ లేపడం నేర్పుతాం. అలాంటప్పుడు నిటారుగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే ఏర్పాటును ఎలా నమ్ముతాం?

"ఊడితే ఊడింది, చెక్కే కదా, తేలుతుంది, తెచ్చుకోవచ్చు" అని ఇంకో మాట ప్రచారంలో ఉంది. ఇది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక జూలై మధ్యాహ్నం పదకొండేళ్ల పిల్లవాడి పడవ తిరగబడింది. పద్ధతి ప్రకారం డాగర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే చెక్క) మీద బరువు వేసి లేపాడు. లేపి చూస్తే వెనక చుక్కాని లేదు. అది పడమటి గాలికి ట్యాంక్‌బండ్ రాళ్ల వైపు కొట్టుకుపోతోంది. దాన్ని అందుకోవాలని వాడు పడవను వదిలేసి ఈదడం మొదలుపెట్టాడు. నేను రక్షణ పడవతో చేరేసరికి పిల్లవాడు ఒక దిక్కున, ఖాళీ పడవ ఇంకో దిక్కున ఉన్నాయి. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. పైకి లాగితే వణుకుతూ వాడన్న మొదటి మాట, "ఇంట్లో తిడతారు సార్." నేను పట్టుబట్టేది చుక్కాని ఖరీదు గురించి కాదు. పిల్లవాడు పడవను వదిలి వెళ్లే పరిస్థితి రాకూడదు.

కాబట్టి రెండు ఏర్పాట్లు కావాలి. ఒకటి తాళం, రెండోది తాడు. తాళం అంటే ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) మీది స్ప్రింగు రేకు గానీ, పింటిల్ చివర రంధ్రంలో దూర్చే పిన్ను గానీ. చుక్కాని పైకి లేవకుండా చూడటం దాని పని. తాళం విఫలమైతే చుక్కాని పడవను వదిలిపోకుండా ఆపేది తాడు. మూడు, నాలుగు మిల్లీమీటర్ల సన్న తాడు చాలు. చుక్కాని తలకు ఒక కొస, ట్రాన్సమ్ మీది కొక్కేనికి ఇంకో కొస కట్టాలి. టిల్లర్‌ను (చుక్కానిని తిప్పే కర్రను) రెండు వైపులా పూర్తిగా తిప్పినా తాడు బిగుసుకోకూడదు. మోకులాంటి తాడుతో బిర్రుగా కట్టి, చుక్కాని తిరగడం లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

రేకు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. వాడగా వాడగా అది వంగిపోతుంది, స్ప్రింగు గుణం తగ్గుతుంది. తగిలించిన ప్రతిసారీ పలక కింద చెయ్యి పెట్టి గట్టిగా పైకి ఎత్తండి. కదిలితే రేకు మార్చాల్సిందే.

లేజర్ రకం తెరచాప పడవల్లో టిల్లర్ ట్రావెలర్ తాడు (పడవ వెనక అడ్డంగా కట్టే తాడు) కింద నుంచి వెళ్తుంది కాబట్టి చుక్కాని లేవదంటారు. కొంత ఆపుతుంది, నిజమే. టిల్లర్ చుక్కాని తలలోంచి జారితే ఆ ఆసరా కూడా పోతుంది.

తల్లిదండ్రుల భయం ఒకటి ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. "గట్టిగా బిగిస్తే లోతు లేని చోట నేలకు తగిలి విరగదా? వదులుగా ఉంటే ఊడి వస్తుంది కదా?" అంటారు. ముందుకు పోతున్న పడవ చుక్కాని నేలకు తగిలితే దెబ్బ ఎక్కువగా వెనక్కి పడుతుంది. వదులుగా ఉన్నా అది శుభ్రంగా పైకి లేచి వస్తుందన్న నమ్మకం లేదు, పింటిళ్లు వంగవచ్చు. లేజర్‌లో పలక పైకి మడవడానికి వీలుంది, ఒడ్డు చేరే ముందు దాని తాడు వదిలితే చాలు. ఆప్టిమిస్ట్‌లో ఆ వీలు లేదు. నడుము లోతు నీళ్లలోనే పిల్లవాడు దిగి, తాళం తీసి, చుక్కానిని చేత్తో ఎత్తి పడవలో పెట్టుకోవాలి. ఇది మేం ఒడ్డు మీద పదిసార్లు చేయిస్తాం.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఊడితే పిల్లవాడు చేయాల్సింది తక్కువే: మెయిన్‌షీట్ (తెరచాపను అదుపు చేసే తాడు) వదిలేసి, పడవలోనే కూర్చుని, చెయ్యి ఊపడం. చుక్కానిని తర్వాత మేం వెతుక్కుంటాం.

గడ్జన్ స్క్రూలు సిలికాన్‌తో నిలుస్తాయన్నది కూడా తప్పే. సిలికాన్ నీళ్లను ఆపుతుంది, బరువును మోయదు. స్క్రూ వదులైతే రంధ్రాన్ని ఎపాక్సీ జిగురుతో పూడ్చి కొత్తగా వేయాలి. అది గట్టిపడేదాకా ఆ పడవను నీళ్లలోకి దింపను.