ఎనిమిది వందల గజాల స్థలం

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో పంపిన లెక్కల పేపర్లు చూశాను. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న ఇంటి స్థలం ఎన్ని చదరపు గజాలు అని చిట్టికి వచ్చిన ప్రశ్న. 2,400 చదరపు అడుగులని సరిగ్గానే గుణించావు. గజానికి మూడడుగులు కదా అని 3తో భాగించి 800 అని రాశావు. దానికి సున్నా వచ్చిందని అన్నం మానేశావట. అంత పెద్ద నేరమేమీ కాదు తల్లీ. కానీ 800 గజాలంటే ఎంతో ఒక్కసారి ఊహించుకో. మన ఇల్లు, వాకిలి, జామచెట్టు, మీరు దాగుడుమూతలాడే పెరడు అన్నీ కలిపినా 300 గజాలు లేవు!

పెన్సిలు తీసుకుని ముందు భుజాలను గజాల్లోకి మార్చు. 60 అడుగులంటే 20 గజాలు. 40 అడుగులంటే 13 గజాలు, ఆ పైన కొంచెం. ఇరవై పదమూళ్లు 260. అంటే జవాబు 260కి కాస్త పైన ఉండాలి. ఈ అంకెను పేపరు అంచున సన్నగా రాసి పెట్టుకో. ఆ తరువాత 2,400ను 9తో భాగిస్తే 266.67 వస్తుంది, రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. 9 ఎక్కడిదంటావా? గజం పొడవు, గజం వెడల్పు ఉన్న చాప మీద అడుగుకో గీత గీసి చూడు. మూడు వరుసలు, వరుసకు మూడు గళ్లు.

నేను సర్వే పనిలో చేరిన కొత్తలో ఇంతకంటే పెద్ద ఘనకార్యమే చేశాను. ఒక చేను కొలిచి, లెక్కలో దశాంశ బిందువు జరిపేసి, 12 ఎకరాలని రాశాను. పొలం కొలిచే గొలుసు లాగే పెద్దాయన నా పుస్తకంలోకి తొంగి చూసి నవ్వాడు. ‘పన్నెండెకరాలైతే అవతలి గట్టు మీది మనిషి ముఖం మనకెలా కనిపిస్తుంది బాబూ? ఎకరం ఇరవై సెంట్లుంటుంది’ అన్నాడు. ఎకరానికి వంద సెంట్లు కదా, మళ్లీ లెక్క వేస్తే 1.2 ఎకరాలే వచ్చింది. ఆయనకు గుణకారం రాదు. రోజూ గొలుసు మోసిన భుజం కాబట్టి ఎకరమెంతో తెలుసు.

ఆ గొలుసు పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. బుజ్జీ, ఈ 22 గజాలు నీకు బాగా తెలిసిన దూరమే, క్రికెట్ పిచ్ పొడవు! అంత భుజంతో ఒక చతురస్రం గీసి, అలాంటివి పది పక్కపక్కన పేరిస్తే సరిగ్గా ఎకరం, 4,840 చదరపు గజాలు. ఇకపై ఎకరాల లెక్క వస్తే మైదానంలోకి వెళ్లి నిలబడినట్లు అనుకో.

పెద్దవాళ్లు కూడా ఇలా ఆగి ఆలోచించకపోతే ఏమవుతుందో కెనడాలో 1983 జూలై 23న తెలిసింది. ఆ దేశం అప్పుడు పౌండ్ల నుంచి కిలోలకు మారుతోంది. ఒక బోయింగ్ 767 విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ఇంధనం చూపే మీటరు పనిచేయక, ట్యాంకులకుండే కొలపుల్లలతో చూస్తే 7,682 లీటర్లున్నాయి. దాన్ని 1.77తో గుణించి 13,597 కిలోలు అనుకున్నారు. తక్కినది మాత్రమే, అదీ అదే లెక్కతో, పోయించారు. నిజానికి 1.77 అనేది లీటరు ఇంధనం పౌండ్లలో తూగే బరువు. కిలోల్లో అయితే సుమారు 0.8 మాత్రమే. చాలినంత ఇంధనం లేకుండానే విమానం బయలుదేరింది, గాలిలో ఉండగానే రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గ్లైడరులా నడిపి గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరంలో దించారు. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఆ 1.77 చూడగానే మీ అమ్మమ్మయితే పట్టేసేది. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. విమానం నూనె కిరసనాయిలుకు దగ్గరి చుట్టం, కిరసనాయిలు నీళ్ల మీద తేలుతుంది. తేలేది నీటికంటే తేలికే కదా! అలాంటప్పుడు లీటరు ఒకటిముప్పావు కిలో ఎలా తూగుతుంది? 7,682 లీటర్ల బరువు 7,682 కిలోల లోపే ఉండి తీరాలి.

బుజ్జిగాడి తప్పు చిన్నదే. గంటకు 72 కిలోమీటర్ల బస్సు సెకనుకు ఎన్ని మీటర్లు వెళుతుందంటే, 5/18 బదులు 18/5తో గుణించి 259 అన్నాడు. శబ్దమే గాలిలో సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఆ బస్సెక్కే ధైర్యం నాకు లేదురా! గంటకు 3,600 సెకన్లు, కిలోమీటరుకు 1,000 మీటర్లు కాబట్టి 1,000/3,600, అంటే 5/18తో గుణించాలి. అది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. 72లో నాలుగో వంతు 18, దానికి కాస్త పైన ఉండాలనుకుని గుణిస్తే 20 వచ్చి ఉండేది.

ఇక నాకిష్టమైన లెక్క. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే జోరు రోజంతా ఉంటే ఎన్ని టీఎంసీలు? రోజుకు 86,400 సెకన్లు, ప్రస్తుతానికి లక్ష అనుకోండి. 11 లక్షలను లక్షతో గుణిస్తే 11,000 కోట్లు, అంటే 110 టీఎంసీలు. మనం అనుకున్న లక్షలో దాదాపు ఏడో వంతు ఎక్కువ చెప్పుకున్నదే కాబట్టి ఏడో వంతు తగ్గించండి. 95కు దగ్గర్లో ఆగుతారు. కాగితం మీద గుణించినా 95 చిల్లర వస్తుంది.

మన వాకిలి ఎన్ని చదరపు గజాలుంటుందో ఇద్దరూ విడివిడిగా ఊహించి, ఒకరిది ఒకరికి చూపించుకోకుండా రాసి పంపండి. నేను 40 అంటున్నాను, అమ్మమ్మ 55కు తగ్గదంటోంది. టేపు తీసి దాచేశాను, మీరు సెలవులకు వచ్చాకే కొలుద్దాం.

మీ తాతయ్య